విశ్రాంతి యెవరికి?

ధ్యానభాగములు: నిర్గమకాండము 16వ అధ్యాయము, మార్కు 6:30-44



క్రిస్మసు, నూతన సంవత్సర ఆరాధనలు ముగిసిన పిమ్మట సంఘకాపరి దేహస్థితి యెట్లుండునో కాపరుల యిండ్లలోని వారికే తెలియును. డిసెంబరు నెలంతయు పల్లెపల్లెకు ప్రార్థన కూటములు, రాత్రి భజనలు, నడుమ పెండ్లిండ్లు, ఎవరైన ప్రభువునందు నిద్రించినయెడల ఆ కార్యక్రమము, ఇవన్నియు కలిసి మా గొంతును మ్రింగివేసినవి. జనవరి మొదటి ఆదివారమున ప్రసంగము నడుమ మాట రాక నిలిచిపోతిమి. సంఘపు పెద్ద యొకరు చెంబుతో నీళ్లు తెచ్చి యిచ్చి, ఆరాధన ముగిసిన తరువాత, "అయ్యగారూ, నాల్గు దినాలు యాడికన్నా పోయి రాండి. ఈడ మేము చూసుకుంటాం" అనిరి.

పాప తల్లికి అన్నగారొకరు ఎమ్మిగనూరుకు ఉత్తరమున తుంగభద్ర ఒడ్డున సేద్యము చేసికొనుచున్నారు. ఆయన ఎన్ని యేండ్లుగానో రమ్మని పిలుచుచున్నను, మేము ఎన్నడును నాలుగు దినములు నిలిచినది లేదు. పాపకు నాలుగేండ్లు నిండినవి గాని, పారు నీటిని చూచి యెరుగదు. మా ఆలూరు ప్రాంతపు బిడ్డకు నీళ్లనగా బిందె. ఏరనగా పుస్తకములోని బొమ్మ. కావున వెళ్లుటకే నిశ్చయించితిమి.

సంక్రాంతికి ముందటి సోమవారము, ఇంకను తెల్లవారకముందే బస్సు నిలుచు చోటికి చేరితిమి. అక్కడ రోడ్డు ప్రక్కను ఐచరు లారీ యొకటి నిలిచియుండెను. దానిలోనికి మూటలు, సత్తు గిన్నెలు, జొన్నపిండి సంచులు, చాపలు ఎక్కించుచుండిరి. సుగ్గికి పోవువారు. సుగ్గి యనగా కన్నడమున కోతకాలము, పంట యింటికి వచ్చు సంతోష కాలము. మా వైపున ఆ మాటకు ఇల్లు విడిచి గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయ బోవుట యని అర్థము వచ్చినది. ఒక మాట అర్థము ఇంతగా తిరుగబడుటకు ఎన్ని కరవులు పట్టినవో! తుంగభద్ర ఆనకట్ట 1953లో ముగిసినది. ఆ యేటనే అక్టోబరు 1వ తేదీన ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లా నుండి విడిపోయి ఆంధ్ర రాష్ట్రములో చేరినవి. ఆనకట్ట దిగువ కాలువ మన పొలిమేరల గుండానే పోవుచున్నను, మన పల్లెలలో ఎక్కువ భూమి నేటికిని ఆకాశము వైపే చూచుచున్నది.

లారీ యొద్ద మన సంఘపు కుటుంబమొకటి యుండెను. భార్యాభర్తలు, వారి చిన్న కూతురు. ఆ బిడ్డకు మా పాప యీడే. ఆదివారపు బడిలో ఇద్దరును ఒకే చాపపై కూర్చుందురు. పెద్ద పిల్లవానిని, వలస పోవువారి పిల్లలకై నడుపు సీజనల్ హాస్టలులో విడిచినారట. చిన్నదానికి బడి వయస్సు రాలేదు గనుక వెంట తీసికొనిపోవుచుండిరి.

"పండుగ కాకముందేనా?" అని అడిగితిమి.

"ఈతూరి ముందే పోవాల్సి వచ్చె అయ్యగారూ" అని ఆ తల్లి తల వంచుకొనెను. మరేమియు చెప్పలేదు. మేమును అడుగలేదు.

మా పాప తన చిన్న సంచిని చూపి, "మేము మామ వాళ్ల ఊరికి పోతుండాం. మీరు యాడికి?" అని ఆ బిడ్డను అడిగెను. ఆ బిడ్డ, "మేమూ ఊరికే" అని చెప్పెను. తమ తమ సంచులు ఒకరికొకరు చూపుకొనిరి. పిల్లల దృష్టిలో రెండును ఒక్కటే ప్రయాణము.

బస్సు ఆదోని చేరువరకు మాకు మనసు మనసులో లేదు. ఒకే మందిరము, ఒకే ఉదయము, ఒకే వయస్సు బిడ్డలు. ఒకరు ఏరు చూచుటకు, ఒకరు నాలుగైదు వందల కిలోమీటర్ల దూరమున మిరప చేను గట్టుపై ఆడుకొనుటకు. ఆదోనిలో దిగి తిరుగు బస్సు ఎక్కుదమని పాప తల్లితో అంటిమి. ఆమె మా ముఖము చూచి, "మీరు ఇంటికి తిరిగి పోతే వాళ్ల లారీ వెనక్కి తిరుగుతుందా?" అనెను. మా యొద్ద జవాబు లేదు. ఎమ్మిగనూరు బస్సు ఎక్కితిమి.

అక్కడి అయిదు దినములను గూర్చి దాచక వ్రాయుదుము. అవి మంచి దినములు. నల్లరేగడి చేలలో శనగ పైరు మోకాలి లోతున నిలిచియుండెను. ఉదయము మంచు పడిన శనగ ఆకును నాలుకకు తాకించిన పులుపు తగులును. పాప అది కనిపెట్టిన మొదలు దినమున కొక సాలు నాకి వచ్చుచుండెను. సాయంకాలము ఆమె మామ పాలుపట్టిన జొన్న కంకులు నిప్పులపై కాల్చి, గుడ్డలో వేసి నలిపి, వేడివేడి గింజలు మా దోసిళ్లలో పోయుచుండెను. ఇంత బెల్లము కొరికి వాటిని నమలుచు, చలి గాలిలో కూర్చుండి, చీకటి పడువరకు ఏ మాటయు లేక యుంటిమి. మా గొంతుకు అదే వైద్యము.

నదిలో ఆ కాలమున నీరు సగమే. ఇసుక మేటల నడుమ రెండు పాయలుగా పారుచుండెను. 2009వ సంవత్సరము అక్టోబరులో ఇదే నది పొంగి మంత్రాలయమును, కర్నూలు పట్టణమును ముంచెనని చెప్పినయెడల నమ్మశక్యము కానంత సాధువుగా నుండెను. పాప మొదటి దినమున నీళ్లను చూచి ఏడ్చెను. రెండవ దినమున ఒక కాలు పెట్టెను. మూడవ దినమున బయటికి రమ్మన్న రాదు. నలుపు తెలుపుల లకుముకి పిట్ట యొకటి నీటిపైన గాలిలో ఒక్కచోటనే రెక్కలాడించుచు నిలిచి, రాయి పడినట్లు క్రిందికి పడి చేపతో లేచును. పాప దానిని చూచుచు గంటసేపు కదలలేదు. "అది యేం చేస్తుంది నాయనా?" యని అడిగినప్పుడు, "పని చేస్తుంది పాపా" అంటిమి. పిట్ట పని చేయుచుండగా మేము ఊరక చూచుచుంటిమి గదా యని తరువాత తోచినది.

ఆ తలంపు అంతటితో ఆగలేదు. మూడవ దినమున తెల్లవారుజామున లేచి చూడగా వంటయింటిలో దీపము వెలుగుచుండెను. పాప అత్త అప్పటికే రొట్టెలు తట్టుచుండెను. ఇంటివారికి, జీతగానికి, పైగా మాకు. ప్రక్కను పాప తల్లి కూర తరుగుచుండెను. విశ్రాంతికని వచ్చిన ముగ్గురిలో విశ్రమించుచున్నవారు ఎవరని లెక్క వేసికొంటిమి. మేమును, పాపయును. పాప తల్లికి పొయ్యి మారినదే గాని పని మారలేదు. మార్త, మరియల కథను ఇరువది యేండ్లుగా బోధించుచున్నాము. మార్త లేచిపోయి కూర్చున్నయెడల ఆ దినమున భోజనము ఎవరు వండుదురని మేము ఎన్నడును ఆలోచింపలేదు. బోధించువారము పురుషులము గదా!

ఆ దినమున వదినా మరదండ్రను ఇద్దరిని ఏటికి పంపి, పొయ్యి మేము చూతుమని పట్టుబట్టితిమి. వారు పాపను వెంటబెట్టుకొని పోయి, నీళ్లలో కాళ్లు పెట్టుకొని, మధ్యాహ్నము వరకు రాలేదు. మేము తట్టిన జొన్నరొట్టెలు ఒకటి చినిగెను, ఒకటి మాడెను. జీతగాడు తన భాగపు రొట్టెను అటు నిటు త్రిప్పి చూచి, ఏమియు అనక పప్పులో నానబెట్టుకొని తినెను. ఆయనకు మాత్రము ఆ దినమునను సెలవు లేదు. ఎద్దులకు మేత వేయవలెను, మోటారు వేయవలెను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతిదినపు ఆజ్ఞ చెప్పబడిన చోట దాసుడు, దాసి, ఎద్దు, గాడిద యని వరుసగా పేరుపెట్టి వ్రాయబడినది. ఐగుప్తులో మీరు దాసులై యుంటిరి గదా యను జ్ఞాపకము కూడ అక్కడనే యున్నది. ఇంటి యజమానుడు ఒక్కడే కూర్చుండిన దినమును ఆ ధర్మశాస్త్రము విశ్రాంతిదినముగా లెక్కింపదు.

ఇంతవరకు మేము చూచినది మా బావగారి యింటి సంగతి. అసలు సంగతి ఆలూరు తిరిగి వచ్చిన తరువాత తెలిసినది.

శనివారము రాత్రి యిల్లు చేరితిమి. సుగ్గికి పోయినవారి యింటి గడపకు ముళ్ల కంప అడ్డము వేసియుండెను. ప్రక్క కొట్టములో ఆ యింటి ముసలమ్మ ఒంటరిగా నుండెను. మరునాడు ఆరాధన తరువాత ఆమెను చూడబోతిమి. పాప, ఏటి ఒడ్డున ఏరిన గుల్ల యొకటి తన స్నేహితురాలికై చేతబట్టుకొని వెంట వచ్చెను.

పండుగకు ముందే ఎందుకు పోయిరని ముసలమ్మ నడిగితిమి. ఆమె కొంతసేపు నసిగి, "మీరే గదా అయ్యగారూ ఆదివారం పనికి పోగూడదంటిరి" అనెను.

నవంబరులో, పత్తి తీయు దినములలో, మందిరము సగము ఖాళీగా నుండుట చూచి మాకు కోపము వచ్చిన మాట నిజము. నాలుగవ ఆజ్ఞను తీసికొని గట్టిగా ప్రసంగించితిమి. దేవుని దినమును కూలికి అమ్ముకొనువారు అనినట్లు కూడ జ్ఞాపకము. ఆ దినమున వెనుక వరుసలో ఈ కోడలు కూర్చుండి యుండెనట. ఆ తరువాత వచ్చిన నాలుగు ఆదివారములు ఆమె పత్తి చేనికి పోలేదు. పత్తి తీత కొన్ని వారముల పని. ఆ కాలమున దినము తప్పిన మరల రాదు. ఇంటిలో గింజలకు చాలక, సంక్రాంతి తరువాత తీసికొనవలసిన అడ్వాన్సును మేస్త్రీ యొద్ద డిసెంబరులోనే తీసికొనిరి. ముందు తీసికొన్నవారు ముందు పోవలెను. అదియే లెక్క.

ముసలమ్మ మమ్మును నిందింపలేదు. దేవుని మాట విన్నారు, మంచిదే గదా యన్నట్లు చెప్పెను. నింద కన్న అది మాకు భారమైనది. ఆమె కోడలు మా మాట విని విశ్రమించెను. దాని వెలను ఆమె యింటివారు చెల్లించిరి. మేము సంఘపు ఖర్చున గొంతు బాగుచేసికొని వచ్చితిమి.

ఆ వారమంతయు నిర్గమకాండము 16వ అధ్యాయమును మరల మరల చదివితిమి. సెమినరీలో పరీక్షకు చదివినదే. పది ఆజ్ఞలు 20వ అధ్యాయమున వచ్చును. దానికి ముందే, ఇంకను సీనాయి చేరకముందే, అరణ్యములో ఏడవ దినపు విశ్రాంతి మొదలైనది. అది మొదలైన విధమును గమనింపుడి. ఆరవ దినమున ప్రజలకు రెండంతల మన్నా దొరికెను. ఆ సంగతిని పెద్దలు వచ్చి తెలిపిన తరువాతనే, రేపు విశ్రాంతి యని మోషే వారికి చెప్పెను. అనగా రేపటి భోజనము చేతిలో నున్నవారికి విశ్రాంతి ఆజ్ఞాపింపబడినది. మేము ఆజ్ఞను మాత్రము చదివి వినిపించితిమి. మన్నాను గూర్చి అడుగనేలేదు.

సంఘపు పెద్దల కూటములో ఈ మాట చెప్పగా, వయస్సున పెద్దవారొకరు ఒప్పుకొనలేదు. ఆయన మాటలోను బలము లేకపోలేదు. "వానలు పడని యేడు ఆర్నెల్లు పని లేక ఊరకే కూసోనుంటారు. వాళ్లకు విశ్రాంతికేం తక్కువ అయ్యగారూ?" అనిరి. ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని తెల్లవారుజామున కూలీల అడ్డా చూచినవారికి దీనికి జవాబు తెలియును. మత్తయి 20వ అధ్యాయమున ప్రభువు చెప్పిన ఉపమానములో సాయంకాలము వరకు సంతవీధిలో నిలిచియున్నవారు విశ్రమించుచుండలేదు. ఎవరైన పిలుతురేమోయని ఎదురు చూచుచుండిరి. కూర్చున్నను వారి దేహము నిలువబడియే యున్నది. పని లేకపోవుట ఒకటి, పని నుండి విడుదల పొందుట మరియొకటి. మొదటిదానిలో రేపు ఏమగునో తెలియదు. రెండవదానిలో రేపటికి గింజలున్నవి గనుక పిట్టను గంటసేపు చూడవచ్చును.

లోకము ఈ తేడాను నెమ్మదిగా నేర్చుకొన్నది. బొంబాయి మిల్లు కూలీలకు వారమున కొక దినము సెలవు కావలెనని నారాయణ మేఘాజీ లోఖండే 1884 నుండి పోరాడగా, 1890 జూన్ 10వ తేదీన ఆదివారపు సెలవు దొరికెను. ఆయన క్రైస్తవుడు కాడు. జ్యోతిరావు ఫూలేగారి సహచరుడు. మనము ప్రసంగించిన ఆదివారమును కూలీలకు సంపాదించి పెట్టినది ఆయన. ఫ్రాన్సు దేశములో 1936 జూన్ నెలలో, లెయోం బ్లూమ్ ప్రధానిగా నున్నప్పుడు, కార్మికులకు సంవత్సరమునకు రెండు వారములు జీతముతో కూడిన సెలవు చట్టమాయెను. ఆ వేసవిలోనే రైలు టికెట్టు ధరను వారికి తగ్గించిరి. ఫ్యాక్టరీ గోడలు తప్ప ఎరుగని కుటుంబములు సైకిళ్ల మీదను, రైళ్లలోను పల్లెలకు, సముద్రతీరములకు పిల్లలతో బయలుదేరిరి. సముద్రమును మొదటిసారి చూచినవారు అనేకులు. సెలవు మాత్రమిచ్చి జీతము నిలిపియున్నయెడల వారు కదలియుందురా? పని చేయని దినమునకు ముందుగా ఇచ్చిన రొట్టెయే ఆ చట్టములోని సారము. 1948లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన 24వ అధికరణములోను, విశ్రాంతితో పాటు జీతముతో కూడిన సెలవులని చేర్చిరి.

మన మిషను చరిత్రలోను ఒక మాట చెప్పవలెను. 1845లో అమెరికను మిషనరీలు మధుర మైదానములలోని జ్వరములకు తాళలేక కొడైకెనాలు కొండపై ఇండ్లు కట్టుకొనిరి. వారి పిల్లలు చనిపోవుచుండిరి గనుక వారిని తప్పుపట్టలేము. అయినను వేసవిలో దొరలు కొండలెక్కినప్పుడు, పల్లెలలో ఉపదేశకులు తమ పిల్లలతో అదే యెండలో నుండిరి. మేము చిన్ననాట ఈ మాట తలచుకొని నొచ్చుకొనెడివారము. ఇప్పుడు మా పల్లెవారి దృష్టిలో కొండ యెక్కినవారము మేమే.

అట్లని విశ్రమించుట తప్పని వ్రాయుట లేదు. మార్కు 6వ అధ్యాయములో, భోజనమునకు కూడ తీరిక లేని శిష్యులను ప్రభువు ఏకాంత స్థలమునకు పిలిచెను. జనులు పరుగెత్తి ముందుగానే అక్కడికి చేరిరి. శిష్యులకు దొరికిన విశ్రాంతి పడవ సాగినంతసేపే. ఒడ్డు చేరగానే వారి చేతులకు రొట్టెలు ఇచ్చి పంచిపెట్టుడని ఆయన చెప్పెను. పడవ ఎక్కుటయు ఆయన మాటయే, పంచిపెట్టుటయు ఆయన మాటయే. మేము పడవలో కొంచెము ఎక్కువసేపే యుంటిమేమో.

మరుసటి ఆదివారమున బల్లయొద్ద నిలిచి, నవంబరులో మేము చెప్పినది సగమే యనియు, ఆ సగమువలన ఒక కుటుంబమునకు నష్టము కలిగెననియు చెప్పితిమి. పేరు చెప్పలేదు, అందరికి తెలిసియే యుండెను. స్త్రీలు ఇంటింట తీసిపెట్టు పిడికెడు బియ్యము ఇంతవరకు కాపరి యింటికి వచ్చుచుండెను. దానిలో సగము పత్తి తీత కాలమున ఆదివారము నిలిచిపోవువారికి ఇయ్యవలెనని అడిగితిమి. కొందరు సరేయనిరి. వయస్సున పెద్దవారు, "ఈ పొద్దు బియ్యం ఇస్తే రేపు కూలి అడుగుతారు" అనిరి. అది ఇంకను తేలలేదు. ఆ బియ్యము రాకున్న మా యింటిలో ఎట్లని పాప తల్లి అడిగిన ప్రశ్నయు తేలలేదు.

ఉగాదికి రెండు దినముల ముందు లారీ తిరిగి వచ్చెను. ఆ తల్లి చేతివ్రేళ్లు మిరప ఘాటుకు పొట్టు లేచియుండెను. మేము వారి గడపలోనే నిలిచి క్షమాపణ అడిగితిమి. ఆమె మొదట అర్థము కానట్లు చూచెను. తరువాత, "ఆ నాల్గు ఆదివారాలు పగటిపూట బిడ్డను పక్కలో ఏసుకొని పండుకొనింటి అయ్యగారూ. పెండ్లయినంక అట్ల పండుకొనింది లేదు. అవి పోయినాయని నేను అనుకోలేదు" అని, కొంచెము ఆగి, "అప్పు మాత్రం ఇంకా ఉండాది" అనెను.

పాప అప్పటికే లోపలికి పోయి గుల్లను స్నేహితురాలి చేతిలో పెట్టియుండెను. ఆ బిడ్డ దానిని చెవి దగ్గర పెట్టుకొని, వాసన చూచి, "ఇది యాడిది?" అని అడిగెను.

"ఏట్లోది. మీరు పోయిన ఊర్లో ఏరు లేదా?"

"లేదు. మిరపకాయలుండాయి."